ఊరూరా తిరిగిన తిమింగలం, పీపాలో ఓడెక్కిన పాము: పాతకాలపు నమూనాల విలువ ఎక్కడుంది?

మీ కాలేజీ జువాలజీ గదిని ఖాళీ చేయమంటున్నారని, అందులో పాత సీసాలూ దూది కూరిన పక్షులూ ఉన్నాయని రాశారు. వాటికి విలువేమైనా ఉందా అని అడిగారు. వెనకటికి యూరప్‌లో ఇలాంటివాటిని బండ్ల మీద ఊరూరా తిప్పి, టికెట్టు పెట్టి చూపించేవారన్న మాట నిజమేనా అన్నారు. ఐసు కూడా దొరకని కాలంలో నెలల తరబడి ఓడల్లో అవి కుళ్ళకుండా ఎలా చేరాయన్నది మీ మూడో సందేహం. చివరి రెండూ ముందు చెబుతాను. మొదటిదానికి జవాబు వాటిలోనే దొరుకుతుంది.

నేను జువాలజీ పాఠాలు చెప్పుకుంటూ ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. తర్వాత పాత సేకరణలకు జాబితాలు రాయడమే అసలు పని అయిపోయింది. మా పనిలో ఉన్నవాళ్ళ చేతికి ఒక పక్షి చర్మాన్ని ఇచ్చి చూడండి. ఈకల రంగు చూడరు, ముక్కు చూడరు, ముందు కాలికి కట్టిన చీటీని తిప్పి చదువుతారు. ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు పట్టారు. ఈ మూడూ ఉంటే ఎలుకలు సగం కొట్టేసిన పక్షి అయినా దాచుకుంటాం. ఈ మూడూ లేకపోతే ఎంత అందంగా కూరిన నెమలైనా హోటల్ వరండాలో పెట్టుకోవడానికి తప్ప పనికిరాదు. తిరుగుడు ప్రదర్శనల చరిత్ర నాకు ఆసక్తిగా అనిపించడానికి కారణం కూడా ఇదే. అక్కడ చాలాసార్లు వస్తువు నిలిచింది, చీటీ పోయింది.

అవును, తిప్పేవారు. ముందు బతికున్న జంతువునే తిప్పారు. ఇందులో అందరికంటే పేరుమోసింది మన దేశపు జంతువే. 1738 ప్రాంతంలో అస్సాంలో తల్లి వేటగాళ్ళ పాలబడితే ఒక ఖడ్గమృగం పిల్ల దొరికింది. బెంగాల్‌లోని చిన్సురాలో డచ్చి కంపెనీ పెద్ద అధికారి ఇంట్లో అది పెంపుడు జంతువులా, భోజనాల గదిలో తిరుగుతూ పెరిగిందట. ఇంట్లో పట్టనంత అయ్యాక దాన్ని డౌవె మౌట్ వాన్ డర్ మీర్ అనే ఓడ కెప్టెన్ తీసుకున్నాడు. దారిపొడవునా చర్మం ఎండిపోకుండా చేపనూనె పూస్తూ 1741 జులైలో రాటర్‌డాం చేర్చాడు. ఆ ఖడ్గమృగానికి క్లారా అని పేరు. అతను ఓడ ఉద్యోగం వదిలేసి, గుర్రాలు లాగే ప్రత్యేకమైన బండి చేయించి, దాన్ని బెర్లిన్, వియన్నా, డ్రెస్డెన్, వెర్సాయ్, రోమ్, వెనిస్ తిప్పాడు. టికెట్లతో పాటు బొమ్మల కాగితాలు, పతకాలు కూడా అమ్ముకున్నాడు. వెర్సాయ్‌లో ఫ్రాన్స్ రాజు 15వ లూయీ దాన్ని కొందామనుకుని, చెప్పిన ధర విని వెనక్కి తగ్గాడు. 1758లో లండన్‌లో చనిపోయేదాకా క్లారా జీవితం బండి మీదే గడిచింది.

దీనివల్ల శాస్త్రానికి ఒరిగిందేమిటంటే, అంతవరకు యూరప్‌లో ఖడ్గమృగం అంటే 1515లో డ్యూరర్ అనే జర్మన్ చిత్రకారుడు వేసిన బొమ్మే. ఆయన జంతువును చూడకుండా, ఎవరో రాసిన వర్ణన, పంపిన గీత ఆధారంగా దానికి ఇనుప కవచం తొడిగినట్టు పలకలు వేసి, భుజాల మధ్య లేని ఇంకో చిన్న కొమ్ము కూడా పెట్టాడు. 200 ఏళ్ళకు పైగా అందరూ దాన్నే కాపీ కొట్టారు. క్లారాను చూశాక ఊద్రీ అనే ఫ్రెంచి చిత్రకారుడు అసలు కొలతలతో నిలువెత్తు బొమ్మ వేశాడు. అప్పటినుంచి పుస్తకాల్లో బొమ్మ మారింది. సంతలో టికెట్టు కొనుక్కుని చూసిన జంతువు పండితుల పుస్తకాన్ని దిద్దిన సందర్భం ఇది.

ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం మొదట్లో వోంబ్‌వెల్ లాంటివాళ్ళు సింహాలు, ఏనుగులతో సంతలన్నీ తిరిగారు. ఆయన మీద ఒక కథ చెప్పుకుంటారు. బార్తలోమ్యూ సంతకు చేరేసరికి ఏనుగు చచ్చిపోయిందట. పోటీవాడు ‘సంతలో బతికున్న ఏనుగు మా దగ్గరే’ అని బోర్డు కడితే, ఈయన ‘సంతలో చచ్చిన ఏనుగు మా దగ్గర మాత్రమే’ అని కట్టి ఇంకా ఎక్కువమందిని రప్పించాడట. చచ్చిన ఏనుగునైతే తాకి చూడొచ్చు మరి. కథ నిజమో కాదో గానీ, సంత జంతువులు చచ్చాక శరీరాలు వైద్య కళాశాలలకు, చర్మం కూరేవాళ్ళకు అమ్ముడయ్యేవన్నది మాత్రం నిజం.

ఇక అచ్చంగా తిరిగిన ‘మ్యూజియం’ కావాలంటే ఓస్టెండ్ తిమింగలం గురించి చెప్పాలి. 1827 నవంబరులో ఇప్పటి బెల్జియం తీరంలోని ఓస్టెండ్ దగ్గర చచ్చి తేలుతున్న ఒక నీలి తిమింగలాన్ని జాలర్లు ఒడ్డుకు లాక్కొచ్చారు. పొడవు 95 అడుగులని అప్పటి లెక్క. కెస్సెల్స్ అనే ఆయన దాన్ని సొంతం చేసుకుని, మాంసం తీయించి, ఎముకలు శుభ్రం చేయించి, విడదీసి బిగించుకునేలా అస్థిపంజరం తయారు చేయించాడు. ఘెంట్, బ్రస్సెల్స్, పారిస్ అయ్యాక 1831లో లండన్ చేరింగ్ క్రాస్‌లో దానికోసం ప్రత్యేకంగా ఒక చెక్క మంటపం లేచింది. లోపలికి 1 షిల్లింగు. మరో షిల్లింగు ఇస్తే మెట్లెక్కి పక్కటెముకల మధ్య కుర్చీలో కూర్చుని, అక్కడ పెట్టిన లాసెపేద్ ప్రకృతి శాస్త్ర సంపుటాలు చదువుకోవచ్చు. చదివారో, లేక తిమింగలం కడుపులో కూర్చున్నామని ఇంటికెళ్ళి చెప్పుకోవడానికే వెళ్ళారో మీరే ఊహించుకోండి. తిమింగలం ఎముకల్లోంచి ఏళ్ళ తరబడి నూనె ఊరుతూనే ఉంటుంది. ఎండాకాలం ఆ మంటపంలో వాసన ఎలా ఉండేదో ప్రకటనల్లో ఎవరూ రాయలేదు. అమెరికా దాకా వెళ్ళిన ఆ అస్థిపంజరం చివరికి సెయింట్ పీటర్స్‌బర్గ్ జంతుశాస్త్ర మ్యూజియం చేరింది, ఇవాళ్టికీ అక్కడే ఉంది. అన్ని దేశాలు తిరిగినా అది ఒకే జంతువు ఎముకల గూడు. ఎక్కడ, ఎప్పుడు దొరికిందో లిఖితంగా ఉంది. కాబట్టి పరిశోధకుడికి ఇప్పటికీ పనికొస్తుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకం ఆల్బర్ట్ కోక్. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో సొంత మ్యూజియం నడుపుకునేవాడు. 1840లో మిస్సౌరీ రాష్ట్రంలో మాస్టొడాన్ ఎముకలు తవ్వించాడు. మాస్టొడాన్ అంటే ఏనుగుకు దూరపు చుట్టం, అంతరించిపోయిన జంతువు. దాన్ని ఉన్నదున్నట్టు నిలబెడితే జనం రారనుకున్నాడేమో, వేరే జంతువుల వెన్నుపూసలు కలిపి, మధ్యమధ్య చెక్కముక్కలు దూర్చి, దంతాలను కొమ్ముల్లా తల మీదికి తిప్పి ‘మిస్సౌరియం’ అని 32 అడుగుల మృగాన్ని తయారు చేశాడు. లండన్‌లో ఈజిప్షియన్ హాల్‌లో పెట్టాడు. శరీరశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ చూసి ఇది మాస్టొడానే అని తేల్చాడు. తమాషా ఏమిటంటే, మోసమని తెలిసీ బ్రిటిష్ మ్యూజియం దాన్ని కొనుక్కుంది. అదనపు ఎముకలు, చెక్కలు తీసేస్తే లోపల మంచి మాస్టొడాన్ ఉంది మరి. సరిచేసిన ఆ అస్థిపంజరం ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో నిలబడి ఉంది.

కోక్ ఊరుకోలేదు. అలబామాలో పురాతన తిమింగలాల ఎముకలు ఏరుకొచ్చి 1845లో న్యూయార్క్‌లో 114 అడుగుల ‘సముద్ర సర్పం’ నిలబెట్టాడు. జెఫ్రీస్ వైమన్ అనే శరీరశాస్త్రజ్ఞుడు దాని పళ్ళకు రెండేసి వేర్లున్నాయని చూపించాడు. పాముల పళ్ళు అలా ఉండవు, క్షీరదాలవే ఉంటాయి. పైగా ఆ ఎముకలు ఒక్క జంతువువి కావన్నాడు. అయినా ప్రష్యా రాజు కొనుక్కున్నాడు. మిస్సౌరియంను విప్పి బాగుచేయగలిగారు, ఈ సర్పాన్ని అలా చేయలేకపోయారు. ఏ ఎముక ఏ గుంటలోంచి వచ్చిందో కలిపేశాక విడదీయడం ఎవరితరం?

ఆ కాలంలో తిప్పినవాళ్ళందరూ కోక్‌లు కారు. ఫిలడెల్ఫియాలో 1786లో మ్యూజియం తెరిచిన చార్లెస్ విల్సన్ పీల్ అసలు వృత్తికి చిత్రకారుడు. పక్షుల వెనక వాటి చెట్టూ చెరువూ గీసి పెట్టిన తొలితరం మనిషి. 1801లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆయన తవ్వించిన మాస్టొడాన్‌లలో ఒకదాన్ని కొడుకులు మరుసటి ఏడాది లండన్ తీసుకెళ్ళి చూపించారు. లేని ఎముకలకు చెక్కతో నకళ్ళు చెక్కించాడు గానీ, అటుపక్క ఉన్న ఎముక చూసి ఇటుపక్కది చెక్కించాడు. జంతువును ఉన్నదానికంటే పెద్దది చేసి చూపించలేదు. ఫిజీ మత్స్యకన్య లాంటి కోతి, చేప కుట్టుళ్ళ జోలికి నేను పోను, వాటి గురించి ఇప్పటికే అవసరానికి మించి రాశారు.

కుళ్ళకుండా ఎలా తెచ్చారన్నదానికి వద్దాం.

లండన్‌లో ఆల్డర్స్‌గేట్ వీధిలో జేమ్స్ పెటివర్ అని మందుల దుకాణదారుడు ఉండేవాడు, 1718లో పోయాడు. తను ఓడ ఎక్కడం చాలా తక్కువ. కానీ ప్రపంచంలో ఏ మూలకు ఓడ పోతున్నా దాని వైద్యుడికో, కెప్టెన్‌కో ఒక అచ్చు కాగితం చేతిలో పెట్టేవాడు. చిన్న జంతువులు, పాములు, చేపలు దొరికితే సారాలోనో బ్రాందీలోనో వేయండి. అదీ లేకపోతే సముద్రపు నీళ్ళలో గుప్పెళ్ళకొద్దీ ఉప్పు, కాస్త పటిక పొడి వేసి అందులో నానబెట్టండి. మొక్కలైతే కొమ్మ, పువ్వు, కాయ కలిపి కాగితాల మధ్య నొక్కండి. సీతాకోకచిలుకలు పుస్తకం పేజీల్లో పెట్టండి. చదువుకోని నావికుడు కూడా చేయగలిగేలా ఉన్న ఈ సూచనలే ఆ శతాబ్దపు సేకరణలకు పునాది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వైద్యుడు శామ్యూల్ బ్రౌన్ 1690ల్లో చుట్టుపక్కల మొక్కలు నొక్కి స్థానిక పేర్లతో సహా పంపింది పెటివర్‌కే. ఆ ఎండు కొమ్మలు హాన్స్ స్లోన్ అనే లండన్ సేకర్త చేతికి, ఆయన నుంచి బ్రిటిష్ మ్యూజియానికి చేరి 300 ఏళ్ళు దాటినా ఉన్నాయి. బానిసలను మోసుకెళ్ళే ఓడల వైద్యులు కూడా పెటివర్‌కు పురుగులు, ఆకులు పంపినవాళ్ళే. ఈ సేకరణల గురించి గొప్పగా చెప్పేటప్పుడు ఈ మాట మింగేయడం నాకు నచ్చదు.

సారాకు ఖర్చెక్కువ, కారిపోతుంది, అంతపెద్ద పీపాను దారిలో ఎవరైనా రుచి చూడకుండా కాపాడటం ఇంకో సమస్య. పైగా రంగులు పోతాయి. పక్షులకు అది అసలు పనికిరాదు. పక్షిని ఒలవాలి. ఎలాగో చెబుతాను. రొమ్ము ఎముక మధ్య నుంచి కిందికి ఒక సన్నటి గాటు. చర్మాన్ని వేళ్ళతో మెల్లగా రెండుపక్కలా వదులు చేస్తూ, రక్తం ఈకలకు అంటకుండా పొడి చల్లుతూ, మోకాలి దగ్గర కాళ్ళు, భుజం దగ్గర రెక్కలు తెంపి, చొక్కా విప్పినట్టు చర్మాన్ని తలమీదుగా తిరగదీయాలి. పుర్రె చర్మంతోనే ఉండిపోతుంది. వెనకనుంచి మెదడు, కళ్ళు తీసేసి దూది పెట్టాలి. తర్వాత లోపలివైపంతా మందు రాసి, మామూలు వైపుకు తిప్పి, దూది కూరి, నాలుగు కుట్లు వేసి, రెక్కలు ముడిచి, కాళ్ళు దగ్గరికి కట్టి, ఆ దారానికే చీటీ కట్టాలి. చేయి తిరిగినవాడు పిచ్చుకను అరగంటలో ముగిస్తాడు. మన ఎండల్లో ఆలస్యం చేస్తే పొట్టదగ్గర ఈకలు చేతికే ఊడివస్తాయి. అందుకే పొద్దున్నే కొట్టి, మధ్యాహ్నంలోపు ఒలిచేవారు.

ఆ ‘మందు’ దగ్గరే కథంతా ఉంది. ఒలిచి ఎండబెట్టిన చర్మాన్ని చిమటలు, తోలుపురుగులు బతకనివ్వవు. జెర్డన్ అని మద్రాసు సైన్యంలో వైద్యుడు, 1836లో దక్షిణ భారతంలో చేరిన కొత్తల్లో సేకరించిన పక్షులను పేర్లు తేల్చమని స్కాట్లండ్‌లో జార్డైన్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడికి పంపాడు. పెట్టె చేరేసరికి అంతా చిమటల పాలైంది. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్స్‌లో మెట్జ్ ఊరి మందుల దుకాణదారుడు బెకూర్ దీనికి విరుగుడు కనిపెట్టాడు. సబ్బు, కర్పూరం, సున్నం, పొటాషియం కార్బొనేట్, వీటిలో తెల్ల పాషాణం, అంటే ఆర్సెనిక్ కలిపిన లేపనం. బతికున్నన్నాళ్ళూ ఆ పాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయాక 1800 ప్రాంతంలో అది అచ్చులోకి వచ్చింది. అప్పటినుంచి ప్రపంచంలో పక్షుల సేకరణలు నిలబడటం మొదలైంది. అంతకుముందు పోగుచేసినవి చాలామటుకు పురుగులు తినేశాయి. ఫార్మలిన్ వాడుకలోకి వచ్చింది 1890ల్లో.

చర్మం ఎవరు ఒలిచారన్నదాన్నిబట్టి శాస్త్రమే తప్పుదారి పట్టిన సందర్భాలున్నాయి. 1522లో మెగెల్లన్ బృందంలో మిగిలిన ఓడ విక్టోరియా స్పెయిన్ చేరినప్పుడు అందులో న్యూగినీ వైపు స్వర్గపక్షుల చర్మాలున్నాయి. అక్కడివాళ్ళు అలంకారానికి ఒలిచేవారు కాబట్టి కాళ్ళు తీసేసేవారు. యూరప్‌లో పండితులు అది చూసి ఈ పక్షికి కాళ్ళే లేవు, ఎప్పుడూ గాల్లోనే ఉంటుంది, మంచు తాగి బతుకుతుంది అన్నారు. జీవులకు లాటిన్ పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ 1758లో కూడా ‘కాళ్ళు లేనిది’ అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు. దీనికి తిరుగుదెబ్బ 1799లో తగిలింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ప్లాటిపస్ చర్మాన్ని లండన్‌లో జంతుశాస్త్రజ్ఞుడు జార్జ్ షా నమ్మలేదు, బాతు ముక్కును ఎవరో కుట్టారేమోనని పరీక్షించి చూశాడు. కుట్టు లేదు. జంతువే అలా ఉంది.

మన వైపు సంగతి. విశాఖపట్నంలో 1781 నుంచి పాట్రిక్ రసెల్ అనే స్కాటిష్ వైద్యుడు ఉన్నాడు. 1785లో కంపెనీ ఆయన్ను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. పాముకాటుకు జనం చావడం చూసి, ఏ పాము విషపుది, ఏది కాదు అని మామూలు మనిషి గుర్తుపట్టేలా పుస్తకం వేయాలనుకున్నాడు. తీరమంతటా పాములు తెప్పించుకుని, కోళ్ళమీద, కుక్కలమీద కాటు వేయించి విషం చూశాడు. పాముకాటుకు పేరుమోసిన ‘తంజావూరు మాత్ర’ను కూడా పరీక్షించాడు. అందులో ముఖ్యమైన దినుసు ఆర్సెనిక్కే! 1796లో కోరమాండల్ పాముల మీద రంగుల బొమ్మలతో పెద్ద పుస్తకం, 1803లో విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల మీద రెండు సంపుటాలు వచ్చాయి. ఆయన పాములకు లాటిన్ పేర్లు పెట్టలేదు, జనం చెప్పిన పేర్లే రాశాడు: కాటుక రేకుల పొడ, పెద్ద పొడ, బంగారు పాము. లాటిన్ పేర్లు పెట్టే పని యూరప్‌లో కూర్చున్నవాళ్ళు చేశారు, అదీ చాలావరకు ఆయన అచ్చువేసిన బొమ్మలు చూసే. 1797లో కాటుక రేకుల పొడకు రసెల్ పేరే పెట్టారు, ఇంగ్లీషులో ‘రసెల్స్ వైపర్’ అంటున్నది దాన్నే. సామర్లకోటలో అదే రోజుల్లో రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తోట పెంచుతూ మొక్కల బొమ్మలు గీయించాడు. తర్వాత కలకత్తా వెళ్ళాక అవన్నీ కలిపి 2,500 దాటాయి. గీసింది మన చిత్రకారులే. ఏ బొమ్మ కిందా వాళ్ళ పేరుండదు. పట్టినవాడి పేరు, గీసినవాడి పేరు రాయకపోవడం పాత చీటీల్లో అన్నిటికంటే పెద్ద లోటని నా అభిప్రాయం.

చీటీ ఎంత పని చేస్తుందో చెప్పడానికి డార్విన్‌నే తీసుకోండి. 1835లో గలాపగోస్‌లో పిచ్చుకల్లాంటి పక్షులు పట్టినప్పుడు ఏది ఏ దీవిదో ఆయన సరిగ్గా రాసుకోలేదు. లండన్‌లో పక్షిశాస్త్రజ్ఞుడు జాన్ గౌల్డ్ ఇవన్నీ వేర్వేరు జాతులు అన్నాక, ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, మరికొందరు పట్టుకొచ్చినవాటి మీద రాసి ఉన్న దీవి పేర్లు అడిగి చూసుకోవాల్సి వచ్చింది. అదే కాలపు ప్రకృతి శాస్త్రజ్ఞుడు వాలెస్ అలా కాదు. అమెజాన్ నుంచి వస్తుంటే 1852లో ఓడ తగలబడి సేకరణంతా పోయినవాడు, మళ్ళీ మలయ దీవులకు వెళ్ళి 8 ఏళ్ళలో 1,25,660 నమూనాలు తెచ్చాడు. దాంట్లో చాలా భాగం ఏజెంటు ద్వారా అమ్ముకునే బతికాడు. అమ్మే సరుకైనా ఏ దీవిలో దొరికిందో రాశాడు. ఏ దీవికి ఏ జంతువు అన్న ఆయన సిద్ధాంతమంతా ఆ చీటీల మీదే నిలబడింది.

అబద్ధపు చీటీ ఇంకా ప్రమాదం. మధ్య భారతపు అడవుల్లో ఒక చిన్న గుడ్లగూబ ఉంది, 1873లో హ్యూమ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు దానికి పేరు పెట్టాడు. మ్యూజియాల్లో దాని చర్మాలు ఏడే ఉండేవి. అన్నిటికంటే తాజాది 1914లో గుజరాత్‌లోని మాండ్విలో దొరికినట్టు కల్నల్ మైనర్ట్‌జాగెన్ చీటీ రాసి ఉంది. దాన్ని నమ్మి వెతికినవాళ్ళకు ఏళ్ళ తరబడి ఏమీ దొరకలేదు. 1990ల్లో పమేలా రాస్‌ముసెన్ అనే పక్షిశాస్త్రజ్ఞురాలు ఆ చర్మం కుట్టు, లోపల కూరిన పద్ధతి చూసి, అది 1880ల్లో ఖాందేశ్‌లో డేవిడ్సన్ ఒలిచిన పక్షి అని, దాన్ని దొంగిలించి విప్పి మళ్ళీ కూరి కొత్త చీటీ కట్టారని పట్టేసింది. ఆ చీటీని పక్కనపెట్టి మిగతావాటిలో రాసిన చోట్లకు వెళ్తే, 1997 నవంబరులో మహారాష్ట్రలో షాహాదా దగ్గర పట్టపగలు చెట్టుమీద కూర్చుని కనిపించింది.

నిజమైన చీటీ కూడా ఒక్కోసారి సగమే చెబుతుంది. గుత్తి రైల్వే కట్టెల డిపోలో దొరికిన ఒకే ఒక్క నీలిరంగు సాలీడును చూసి 1899లో పోకాక్ దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత 100 ఏళ్ళు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. కట్టెలతో పాటు రైలెక్కి గుత్తి చేరిందన్నమాట. చీటీ రాసినవాడి తప్పేం లేదు. అతనికి దొరికింది అక్కడే. కలివికోడి అనే అరుదైన పక్షి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1848లో జెర్డన్ పేరుతో శాస్త్రానికెక్కి, 1900 తర్వాత కనబడకుండా పోయి, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానికుల సాయంతో రాత్రిపూట దొరికింది. స్కాట్లండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం సొరుగులో దాని గుడ్డు ఒకటి బయటపడింది. 1917లో కోలారు గనుల వైపు పనిచేసిన పశువైద్యుడు సేకరించింది. లండన్ మ్యూజియం చర్మంలోంచి తీసిన చిన్న ముక్కతో డీఎన్‌ఏ పోల్చి 2013లో అది కలివికోడిదేనని తేల్చారు. జెర్డన్‌కు డీఎన్‌ఏ అంటే ఏమిటో తెలియదు. అయినా నమూనా దాచి ఉంచినందువల్లే ఆ పని జరిగింది.

ఇప్పుడు మీ గది. ముందు దేనినీ ఉత్త చేత్తో ముట్టుకోకండి. పాత పక్షులు, జంతువుల చర్మాల మీద ఆర్సెనిక్ ఉందనే అనుకోవాలి. గ్లవ్స్, మాస్క్ వేసుకోండి, బ్రష్‌తో దులపకండి, అటెండర్‌తో చీపురు పట్టించకండి. ఎండు మొక్కల షీట్ల మీద పాదరసపు మందు రాసి ఉండొచ్చు, వాటికీ ఇదే జాగ్రత్త. ఫార్మలిన్ సీసాల మూతలు కిటికీలు తెరిచి ఉన్నప్పుడే తీయాలి. పసుపుపచ్చ ద్రవం ఇంకిపోయి అంచున పసుపురంగు స్ఫటికాలు పట్టిన సీసా కనిపిస్తే మూత తిప్పనే తిప్పొద్దు. అది పిక్రిక్ ఆమ్లం కావచ్చు, ఎండితే పేలుతుంది. కెమిస్ట్రీ వాళ్ళను పిలవండి.

తర్వాత ప్రతి వస్తువునూ చీటీతో కలిపి ఫొటో తీయండి, చీటీ రెండువైపులా. ఊరి పేరు, తేదీ ఉన్నవన్నీ ఒకపక్కకు పెట్టండి. 1960ల్లో మీ ఊరి చెరువులో దొరికిన చేప అని రాసి ఉంటే, ఆ చెరువు ఇప్పుడు లేకపోతే, అది మీ గదిలో అన్నిటికంటే విలువైన సీసా. సరఫరా కంపెనీ నుంచి కొన్న బోధనా నమూనాలకు ఊరి పేరుండదు, వాటి విషయంలో బెంగ పెట్టుకోనక్కర్లేదు. వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ళలో ఉన్న జంతువులను ఎవరికీ ఇవ్వడం, అమ్మడం కుదరదు. అటవీశాఖ అనుమతి కావాలి, ప్రిన్సిపాల్‌గారి చేత ముందే రాయించుకోండి. హైదరాబాద్‌లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రం ఉంది, మొక్కలకైతే బొటానికల్ సర్వే కేంద్రం ఉంది. మీ ఫొటోల జాబితా పంపి, తీసుకుంటారా అని అడగండి.

చీటీలు చిరిగిపోతుంటే కొత్తవి రాయండి గానీ పాతవి పారేయకండి, రెండూ కలిపి కట్టండి. సీసా లోపల వేసే చీటీని పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో వారం తిరక్కుండానే కరిగిపోతుంది. సీసాలోని స్పిరిట్ తగ్గితే ముందు అది స్పిరిటా ఫార్మలినా అని తేల్చుకుని అదే పోయండి, రెండూ కలపకండి. సెలవుల్లోపు జాబితా అయితే ఒక కాపీ లైబ్రరీలో కూడా పెట్టించండి. గది ఖాళీ చేయమన్న ఆర్డరు కాపీ కూడా దానికి జతచేయండి, రేపు ఎవరైనా అడిగితే ఏది ఎటు పోయిందో తెలుస్తుంది.